నూనెలో పుట్టిన వెలుగు నీటిలో నిలిచేదెలా?



ఈసారి నేను వ్రాయబోతున్నది ఒక వ్యాధి గురించి కాదు. కంటికి కనిపించనంత చిన్నవై, వెలుగునిచ్చే రేణువుల గురించి, వాటిని నీటిలో కలిసిమెలిసి ఉండేటట్లు చేయడానికి శాస్త్రజ్ఞులు పడిన శ్రమ గురించి. డెబ్బై దాటిన విశ్రాంత వైద్యుడికి ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఒక చిన్న సీసా కారణంగా ఇది వ్రాయవలసి వచ్చింది.

మూడు నెలల క్రితం మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఇంటికి వచ్చారు. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్. శస్త్రచికిత్స జరిగింది, గాయం మానింది, మరుసటి వారం కీమోథెరపీ మొదలు కావాలి. ఆయన సంచిలోనుండి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టారు. నానో కాంతి కణాలట. క్యాన్సర్ కణాలను మాత్రమే వెదకి పట్టుకుంటాయట. నీటిలో పూర్తిగా కలుస్తాయి కనుక దుష్ఫలితాలు ఉండవట.

"డాక్టరు గారూ, రెండు నెలలు ఈ చుక్కలు వేసి చూస్తాం. గుణం కనిపించకపోతే అప్పుడు కీమోకి వెళ్తాం. ఏమంటారు?" అన్నారు.

"వద్దు మాస్టారూ" అని ఒక్క మాటలో చెప్పి పంపవచ్చు. కాని జీవితమంతా పిల్లలకు కారణాలు చెప్పి ఒప్పించిన మనిషికి కారణం చెప్పకుండా వద్దనడం మర్యాద కాదు. పైగా ఆ సీసా మీది మాటలలో కొంత నిజం ఉంది. క్యాన్సర్ కణాలను గుర్తించి వెలిగే నానో రేణువులు ప్రయోగశాలలలో నిజంగానే ఉన్నాయి. పూర్తి అబద్ధాన్ని పోల్చుకోవడం సులభం. నిజం కలిసిన అబద్ధంతోనే చిక్కు. అందుచేత "రేపు సాయంత్రం తీరికగా రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను. ఆ మరునాడు ఆయనకు చెప్పిన సంగతులనే మీకూ చెబుతున్నాను.

ఆరిపోయిన ఆకుపచ్చ వెలుగు

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

1980ల తొలి సంవత్సరాలలో నేనొక బోధనాసుపత్రిలో స్నాతకోత్తర విద్యార్థిని. పన్నెండేళ్ళ బాలిక ఒకతె ముఖమంతా వాపుతో, ఎర్రని మూత్రంతో చేరింది. మూత్రపిండం నుండి సూదితో చిన్న ముక్క తీశాము. ఆ ముక్కలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ఎక్కడ ఏ తీరున పేరుకున్నాయో తెలిస్తే వ్యాధి ఏదో తెలుస్తుంది. అందుకు ఒక చక్కని ఉపాయం ఉంది. వాటికి అతుక్కునే మరొక యాంటీబాడీకి ఫ్లోరెసీన్ అనే రంగును జతచేసి, పలుచని కోత మీద వేస్తారు. సూక్ష్మదర్శినిలో నీలికాంతి పడగానే అది అతుక్కున్న చోటల్లా ఆకుపచ్చగా వెలుగుతుంది. 1940ల ఆరంభంలో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ కూన్స్ అనే వైద్యుడు ఈ పద్ధతికి బాట వేశారు.

ఆ సాయంత్రం కోత అంతటికీ మూత్రపిండపు వడపోత గుచ్ఛం ఒక్కటే దొరికింది. అది ఆకుపచ్చగా మెరుస్తూ కనిపించింది. ఆచార్యులవారికి చూపించాలని సంబరపడ్డాను. ఇంతలో అత్యవసర విభాగం నుండి పిలుపు వచ్చింది. దీపం ఆర్పకుండానే పరుగెత్తాను. గంట తరువాత ఆచార్యులవారిని వెంటబెట్టుకుని వచ్చి చూస్తే అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. గంటసేపు తీవ్రమైన కాంతి పడి ఆ రంగు చచ్చిపోయింది. మరొక కోతకు ముక్క మిగలలేదు.

మరునాడు ఉదయం ఆ పిల్ల తల్లి "మళ్ళీ పొడవాలా బాబూ? మొన్ననే కదా పొడిచారు!" అంది. "నమూనా సరిపోలేదమ్మా" అన్నాను. దీపం ఆర్పకుండా పోయింది నేనేనని చెప్పలేదు. రెండవసారి పరీక్ష చేశాం, వ్యాధి తెలిసింది, చికిత్స అంది ఆ పిల్ల కోలుకుని ఇంటికి వెళ్ళింది. అయినా ఆనాడు చెప్పని మాట నాలో ఉండిపోయింది. ఇన్నేళ్ళకు ఇక్కడ చెబుతున్నాను.

రంగు అణువు కాంతిని పీల్చుకుని తిరిగి వెలుగుగా ఇస్తుంది. కాని అలా ఉత్తేజితమైన ప్రతిసారీ చుట్టూ ఉన్న ఆమ్లజనితో రసాయన చర్య జరిగి విరిగిపోయే అవకాశం ఉంటుంది. విరిగిన అణువు మళ్ళీ వెలగదు. ఆరిపోని వెలుగు కావాలని కణజాలాన్ని పరిశీలించే వైద్యులందరూ కోరుకోవడానికి కారణం ఇదే.

పరిమాణాన్ని బట్టి రంగు

దాదాపు అదే కాలంలో, మాకెవరికీ తెలియకుండా, అటువంటి వెలుగుకు బీజం పడుతూ ఉంది. 1980ల తొలినాళ్ళలో సోవియట్ రష్యాలో అలెక్సీ ఎకిమోవ్ గాజులోను, అమెరికాలో లూయీ బ్రూస్ ద్రవంలోను, అర్ధవాహక పదార్థపు అతి చిన్న స్ఫటికాలను పరిశీలించారు. పదార్థం ఒకటే అయినా స్ఫటికం పరిమాణం మారితే దాని రంగు మారుతుందని గమనించారు. వీటినే క్వాంటమ్ డాట్స్ అంటున్నాం. కాడ్మియమ్ సెలినైడ్ రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే నీలంగాను, 6 నానోమీటర్లుంటే ఎర్రగాను వెలుగుతుంది. మన ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7,500 నానోమీటర్లు. ఈ రేణువులు ఎంత చిన్నవో దీనినిబట్టి ఊహించుకోండి.

వీటిని ఒకే పరిమాణంలో, మంచి నాణ్యతతో తయారుచేసే విధానాన్ని 1993లో మూంగీ బావెండీ బృందం కనుగొన్నది. ఈ ముగ్గురికీ 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ రేణువులు ఫ్లోరెసీన్ వలె త్వరగా ఆరిపోవు. పైన జింక్ సల్ఫైడ్ తో ఒక గట్టి పెంకు కడితే వెలుగు ఇంకా పెరుగుతుంది, ఇంకా నిలుస్తుంది.

ఇంత మంచి వెలుగు దొరికినా అది వెంటనే జీవశాస్త్రానికి ఉపయోగపడలేదు. ఈ రేణువులు పుట్టేది సుమారు 300 డిగ్రీల వేడిలో, నూనెల వంటి కర్బన ద్రవాలలో. పుట్టేటప్పుడే ప్రతి రేణువు ఒంటి నిండా కొవ్వు తోకలున్న అణువులు అంటుకుంటాయి. అవి లేకపోతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. ఆ తోకల మూలంగా రేణువులు టోలుయీన్, క్లోరోఫారమ్ వంటి ద్రవాలలో హాయిగా ఉంటాయి. నీటిలో వేస్తే మాత్రం నూనె బొట్టులాగే విముఖంగా వేరుపడతాయి. మన శరీరమో, పెద్దవారి బరువులో సుమారు 60 శాతం నీరే. రక్తం, కణంలోని ద్రవం, కణాల మధ్య ద్రవం అన్నీ ఉప్పు కలిసిన నీళ్ళే. ఆ నీళ్ళలో నిలవలేని వెలుగు వైద్యుడికి ఎందుకు పనికివస్తుంది?

తలంటు చెప్పే పాఠం

మా మనవరాలు రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఈ రేణువులను నీటిలోకి తేవడమే ఆమె పని. ఆ రోజులలో సెలవులకు వచ్చి మా ఇంట్లోనే ఉంది. తన ప్రయోగాల ఛాయాచిత్రాలు నాకు చూపించింది. వరుసగా పెట్టిన చిన్న గాజు సీసాలు అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో దీపావళి ప్రమిదల్లా వెలుగుతున్నాయి. తరువాతి చిత్రంలో ఒక సీసా అడుగున మబ్బుగా ఏదో పేరుకుని ఉంది. పైన నీరు నల్లగా ఉంది.

"రాత్రి వెలిగింది తాతయ్యా. పొద్దున చూస్తే అడుగుకు దిగిపోయింది. మూడు నెలల పని" అంది.

మాస్టారు వచ్చినప్పుడు ఆమె కూడా అక్కడే కూర్చుంది. నేను ఆయనకు తలంటుతో మొదలుపెట్టి చెప్పాను. తలకు నూనె రాసుకుని ఒట్టి నీళ్ళు ఎన్ని చెంబులు పోసుకున్నా జిడ్డు పోదు. కుంకుడు రసం పోస్తే పోతుంది. కుంకుడుకాయలో సాపోనిన్లు అనే అణువులుంటాయి. వాటికి ఒక కొస నూనెను ఇష్టపడుతుంది, మరొక కొస నీటిని ఇష్టపడుతుంది. నూనె బొట్టు చుట్టూ అవి మూగి, నూనె కొసను లోపలికీ నీటి కొసను బయటికీ పెట్టి నిలబడతాయి. నీటికి ఇక నూనె కనిపించదు. తనకు నచ్చిన కొసలే కనిపిస్తాయి, కనుక బొట్టును తనతో తీసుకుపోతుంది.

శరీరానికి ఈ విద్య ఎప్పటినుండో తెలుసు. మనం తిన్న నెయ్యిని పేగులలో పైత్యరసం ఇలాగే విడగొడుతుంది. కొలెస్ట్రాల్ నీటిలో కరగని పదార్థం. అది రక్తంలో ప్రయాణించేది ఒట్టిగా కాదు. చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం చెప్పుకునే ఎల్‌డీఎల్ సుమారు 20 నుండి 25 నానోమీటర్ల గోళం. లోపల కొవ్వు, పైన నీటికి నచ్చే ఫాస్ఫోలిపిడ్ పొర, ఆ పొర మీద ఒక పెద్ద ప్రొటీను ఉంటాయి. కణాలు ఆ ప్రొటీనును గుర్తుపట్టి గోళాన్ని లోపలికి తీసుకుంటాయి. లోపల ఏమున్నదో కణానికి తెలియదు. అది చూసేది పైనున్న తొడుగును మాత్రమే.

వెలిగే రేణువు విషయంలోనూ ఇంతే. శరీరం కలుసుకునేది రేణువును కాదు, దాని తొడుగును. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తక్కినదంతా అర్థమవుతుంది.

మూడు దారులు

1998 సెప్టెంబరులో రెండు అమెరికా బృందాలు ఒకేసారి ఈ చిక్కును విప్పాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్, షూమింగ్ నీ మొదటి దారి పట్టారు. అది పాత బట్టలు విప్పి కొత్తవి తొడగడం వంటిది. కొవ్వు తోకలను తొలగించి, వాటి స్థానంలో ఒక చివర గంధకం, మరొక చివర ఆమ్లం ఉన్న చిన్న అణువులను పెట్టారు. గంధకం రేణువు పైభాగాన్ని పట్టుకుంటుంది, ఆమ్లపు కొస నీటి వైపు ఉంటుంది. కాలిఫోర్నియాలో పాల్ అలివిసాటోస్ బృందం రెండవ దారి పట్టింది. రేణువు చుట్టూ సిలికాతో, అంటే ఇసుకలో ఉండే పదార్థంతోనే, పలుచని గాజు పొర కట్టింది.

మూడవది మన కుంకుడు దారి. పాత తోకలను కదిలించకుండా వాటి మీదనే రెండు కొసల అణువులను చుట్టడం. 2002లో ఫాస్ఫోలిపిడ్ పొరలో చుట్టిన రేణువులను కప్ప పిండాలలోకి ఎక్కించి, ఆ పిండం పెరుగుతూ ఉండగా వెలుగును గమనించారు. 2003లో ఇటువంటి స్వభావమే గల పాలిమర్ చుట్టిన రేణువులకు యాంటీబాడీలు జతచేసి, రొమ్ము క్యాన్సర్ కణాల మీది హెర్-2 అనే గుర్తును వెలిగించి చూపారు.

ఇక్కడ మాస్టారు ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. "హెర్-2 మా ఆవిడ రిపోర్టులో కూడా ఉందండీ" అన్నారు. ఉంటుంది. తీసిన గడ్డ ముక్క మీద యాంటీబాడీ వేసి, అది అతుక్కున్న చోట గోధుమరంగు వచ్చేటట్లు చేసి, ఆ రంగు గాఢతను బట్టి అంకె వేస్తారు. ఆ అంకె చూసే ఏ మందు పనిచేస్తుందో వైద్యులు నిర్ణయిస్తారు. "గుర్తుపట్టే పని మీ ఇంట ఇప్పటికే జరిగింది మాస్టారూ. మీరు కాగితం మీద చూసింది దాని ఫలితమే" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఈ మూడు దారులలో దేని ఇబ్బంది దానిదే. మొదటి దారిలో రేణువు చిన్నగానే ఉంటుంది. కాని బట్టలు మార్చేటప్పుడు పైభాగం దెబ్బతిని వెలుగు తగ్గుతుంది. గంధకపు పట్టు కాలక్రమాన సడలుతుంది. అణువులు ఊడిపోయిన రేణువులు మళ్ళీ ముద్దకడతాయి. మూడవ దారిలో వెలుగు చెడదు, తొడుగు గట్టిగా ఉంటుంది. కాని 5 నానోమీటర్ల రేణువు పొర మీద పొర చేరి 15, 20 నానోమీటర్లు దాటిపోతుంది. సిలికా పొరను పలుచగా, సమంగా కట్టడం ఓర్పుతో కూడిన పని.

ఇక మనవరాలి సీసా సంగతి. ఆమె రేణువుల పైన ఆమ్లపు కొసలున్నాయి. అవి ఋణావేశంతో ఉన్నంతసేపు రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ద్రవంలో పులుపు పెరిగితే ఆ ఆవేశం పోతుంది. ఉప్పు ఎక్కువైతే ఆ నెట్టుడు బలహీనపడుతుంది. అప్పుడు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాలలో నిమ్మరసం పిండితే జరిగేది సరిగ్గా ఇదే. పాలలోని కేసీన్ ప్రొటీను గుళికలు ఋణావేశంతో విడివిడిగా తేలుతూ ఉంటాయి. పులుపు తగలగానే ఆవేశం తగ్గి విరిగిపోతాయి. "అయితే నా సీసాలో పాలు విరిగాయన్నమాట" అని నవ్వింది మనవరాలు. వెళ్ళాక ద్రవం ఆమ్లత కొలిచి చూస్తే అదే కారణమని తేలిందట. ఉప్పుకూ పులుపుకూ చలించకుండా ఉండటానికి ఇప్పుడు పాలీఎథిలీన్ గ్లైకాల్ గొలుసులను తొడుగు మీద నాటుతున్నారు. పెద్దపేగు పరీక్షకు ముందు కడుపు శుభ్రం కావడానికి నీళ్ళలో కలిపి తాగించే పొడిలో ఉండేది ఆ జాతి పదార్థమే.

లోపలికి వెళ్ళినది బయటికి రావాలి

నీటిలో కలిసినంత మాత్రాన దుష్ఫలితాలు లేవని సీసా మీద అచ్చు వేశారు కదా, అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. నీటిలో కలవడం వేరు, శరీరానికి హాని చేయకపోవడం వేరు. నీటిలో చక్కగా కలిసే విషాలు ఎన్ని లేవు?

పేరుపొందిన క్వాంటమ్ డాట్స్ లోపల ఉన్నది కాడ్మియమ్. జపాన్‌లో జింజూ నది నీటితో పంటలు పండించుకున్న ప్రజలు గనుల నుండి వచ్చిన కాడ్మియమ్ వలన మూత్రపిండాలు చెడి, ఎముకలు మెత్తబడి, నొప్పితో అరిచారు. ఆ వ్యాధికి ఇటాయ్-ఇటాయ్ అని పేరు వచ్చింది. "అబ్బా, నొప్పి" అని దాని అర్థం. 2004లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు కాలేయ కణాల మీద పరీక్షించి, గాలి, కాంతి తగిలి రేణువు పైభాగం చెడితే కాడ్మియమ్ విడుదలై కణాలు చనిపోతాయని, పెంకూ తొడుగూ గట్టిగా ఉంటే ఆ హాని బాగా తగ్గుతుందని చూపారు.

మరి ఆ తొడుగు ఎంతకాలం నిలుస్తుంది? రేణువు శరీరంలో ఎంతకాలం ఉంటుంది? 2007లో ఎలుకలలో చేసిన పరిశోధనలో తొడుగుతో కలిపి సుమారు 5.5 నానోమీటర్లలోపు ఉన్న రేణువులు మూత్రంలో బయటికి పోతాయని తేలింది. పెద్దవి కాలేయంలో, ప్లీహంలో చిక్కుకుంటాయి. గట్టి తొడుగు వేస్తే రేణువు పెద్దదవుతుంది. పెద్దదైతే బయటికి రాదు. ఈ ముడి వలననే కాడ్మియమ్ రేణువుల ఉపయోగం ప్రధానంగా గాజు పలకల మీది కణజాలానికి, ప్రయోగశాలలోని కణాలకు, జంతువుల పరిశోధనకు పరిమితమై ఉంది.

మనుషుల విషయంలో అడుగులు ఎంత ఆచితూచి పడుతున్నాయో చూడండి. కాడ్మియమ్ లేకుండా, సిలికా గోళంలో రంగును బంధించి, పైన పాలీఎథిలీన్ గ్లైకాల్ తొడిగిన 6, 7 నానోమీటర్ల రేణువులను అమెరికాలో చర్మపు క్యాన్సర్ ఉన్న ఐదుగురికి ఇచ్చి, ఫలితాలను 2014లో ప్రకటించారు. ఆ పరిశీలన రేణువులు ఎటు పోతున్నాయి, ఎప్పుడు బయటికి వస్తున్నాయి, హాని ఏమైనా ఉందా అని చూడటానికే. వ్యాధిని నయం చేస్తాయని వారు చెప్పలేదు.

సీసాను అడగవలసిన ప్రశ్నలు

ఇంత చెప్పాక సీసాను మాస్టారు చేతికిచ్చి, "ఇప్పుడు మీరే పరీక్ష పెట్టండి" అన్నాను. రేణువు దేనితో చేశారు? ఎంత పరిమాణం? పైన తొడుగు ఏమిటి? క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడానికి ఆ తొడుగు మీద ఏముంది? కడుపులోని పులుపును దాటి అది ఎలా నిలుస్తుంది? శరీరం నుండి ఎలా బయటికి వస్తుంది? మనుషుల మీద ఎవరు పరీక్షించారు? ఆయన కళ్ళజోడు సవరించుకుని సీసాను నాలుగువైపులా తిప్పి చదివారు. ఒక్కదానికీ జవాబు లేదు. "ఖాళీ జవాబుపత్రం. సున్నా మార్కులు" అన్నారు.

తరువాత నెమ్మదిగా అడిగారు. "కీమోకి మాత్రం దుష్ఫలితాలు లేవా డాక్టరు గారూ?"

"ఉన్నాయి మాస్టారూ. వాంతులు, నీరసం, జుట్టు ఊడటం, రక్తకణాలు తగ్గటం. అవి ఏమిటో ముందే తెలుసు, ఎప్పుడు వస్తాయో తెలుసు, వస్తే ఏం చేయాలో తెలుసు. తెలియనివేవో మీకు చెప్పకుండా దాచడం లేదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఆ బాలిక తల్లి గుర్తుకు వచ్చింది.

పాఠక మిత్రులారా, నానో శాస్త్రాన్ని అనుమానించమని నేను చెప్పడం లేదు. ఒక్క తొడుగు సరిగా కుదరడానికి మా మనవరాలి వంటి వారు నెలల తరబడి నిద్ర మానుకుంటున్నారు. వారి శ్రమ వలన రేపటి వైద్యుడికి ఆరిపోని వెలుగు దొరకవచ్చు, నా వంటి వాడి పొరపాటుకు ఒక పిల్ల రెండవసారి సూదిపోటు పడకుండా ఉండవచ్చు. ఆ శ్రమ పేరు చెప్పుకుని సీసాలు అమ్మేవారి విషయంలోనే జాగ్రత్త కావాలి. మీ ఇంట ఎవరికైనా క్యాన్సర్ వస్తే, నిర్ణయించిన చికిత్సను ఏ చుక్కల కోసమూ వాయిదా వేయకండి. సందేహముంటే చికిత్స చేస్తున్న వైద్యులనే అడగండి. అడగడం మీ హక్కు, చెప్పడం వారి విధి.

మాస్టారి భార్యకు కీమో అనుకున్న రోజునే మొదలయింది. మొన్న మూడవ విడత పూర్తయింది. చూడబోయాను. తలకు నూలు గుడ్డ చుట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "నీరసంగా ఉందండీ" అని, కాసేపాగి నవ్వింది. "మా ఆయన మీ కుంకుడుకాయల పాఠం నాకు మూడుసార్లు చెప్పారు. నాకేమో ఇప్పుడు తలంటు ఖర్చే లేదు!" అంది.

"జుట్టు వస్తుందమ్మా. వచ్చాక కుంకుడుకాయలు నేను పంపిస్తాను" అన్నాను.